హైడన్ వీడ్కోలు సింఫనీ: చిన్న ఆర్కెస్ట్రా ముందు కూర్చుని ఎలా వినాలి

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మొదటిసారి హాల్లో వినాలనుకుంటున్నానని ఎవరు అడిగినా నేను చెప్పే పేరు ఒకటే. పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియన్ స్వరకర్త జోసెఫ్ హైడన్ 45వ సింఫనీ, వీడ్కోలు సింఫనీ అనేది దీన్నే. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద కృతి. పాతికేళ్లుగా వింటున్నాను, ఇప్పటికీ చివరి ఏడెనిమిది నిమిషాలు వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. దీనికి బీథోవెన్ తొమ్మిదో సింఫనీకి కావలసినంత పెద్ద ఆర్కెస్ట్రా, కోరస్ అక్కర్లేదు. రెండు ఓబోలు, ఒక బసూన్, రెండు హార్న్‌లు, ఫిడేళ్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్ ఉంటే చాలు. ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మొదట్లో నిండుగా ఉన్న స్టేజీ మీద చివరికి ఇద్దరే మిగులుతారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే తమ వంతు వాయించి, దీపం ఆర్పి, లేచి వెళ్లిపోతారు.

ఈ సంగతి విని చాలామంది ఆ చివరి దృశ్యం కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు. అలా చేస్తే సగం పోగొట్టుకున్నట్టే. వెళ్లిపోతున్న మనిషి ఎవరో మనకు తెలియకపోతే ఆ వెళ్లడం మనసుకు తాకదు. అందుకే నేను చెప్పబోయే పద్ధతంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: చివరి భాగం వచ్చేలోపు స్టేజీ మీది ప్రతి గొంతుతోనూ పరిచయం పెంచుకోవడం.

ముందు కథ తెలుసుకోండి

1772వ సంవత్సరం. హంగరీలో ఎస్టర్‌హాజా అనే ప్యాలెస్. ప్రిన్స్ నికొలాస్ ఎస్టర్‌హాజీకి ఆ ప్యాలెస్ అంటే ప్రాణం. చిత్తడి నేలల మధ్య, ఊళ్లకు దూరంగా కట్టించుకున్నాడు. ఏటా వేసవికి పరివారమంతటితో అక్కడికి వెళ్లేవాడు. సంగీతకారులూ వెళ్లక తప్పదు. చాలామంది భార్యాపిల్లలు మాత్రం ఐసెన్‌స్టాట్‌లో ఉండిపోయేవాళ్లు. మధ్య దూరం ఆ రోజుల్లో ఒక పూట, ఒక రోజు ప్రయాణం. ఆ ఏడాది ప్రిన్స్ అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు ఉండిపోయాడు. వాద్యకారులకు ఇంటి మీద బెంగ పట్టుకుంది. తమ పెద్ద అయిన హైడన్ దగ్గరికి వెళ్లి, ఏదో ఒకటి చెయ్యమని అడిగారు.

హైడన్ అప్పటికి ఆ కొలువులో పదకొండేళ్లుగా ఉన్నాడు. ఆయనా జీతగాడే. ప్రభువు ముందుకు వెళ్లి "ఇక చాలు, మమ్మల్ని ఇళ్లకు పంపండి" అనగలిగే స్థితి కాదు. అందుకని అర్జీని సంగీతంలో పెట్టాడు. సింఫనీ చివర్లో ఒక్కొక్క వాద్యకారుడు తన భాగం ముగించి, నోటు పుస్తకం దగ్గరున్న కొవ్వొత్తి ఆర్పి, వాద్యం తీసుకుని వెళ్లిపోయాడు. ఆఖరికి రెండు ఫిడేళ్లు మిగిలాయి. ఒకటి బృందంలో ప్రధాన ఫిడేలు విద్వాంసుడు లూయీజీ తొమాసినిది, రెండోది హైడన్‌ది అని చెబుతారు. ప్రిన్స్‌కు విషయం అర్థమైంది. మర్నాడే పరివారం ప్రయాణం కట్టిందని హైడన్ ముసలితనంలో చెప్పగా, ఆయన జీవిత చరిత్ర రాసిన గ్రీసింగర్ నమోదు చేశాడు.

ఈ కథ మనకు పరాయిది అనిపించదు. దుబాయ్‌లోనో, దోహాలోనో సెలవు దొరక్క, పండక్కి ఇంటికి వెళ్లలేక ఫోన్‌లో పిల్లల మొహాలు చూసుకునే వాళ్లు మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఉన్నారు కదా. ఆ బెంగను మనసులో పెట్టుకుని వినండి, మొదటి భాగంలోని కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంట్లో రెండుసార్లు, అంతకు మించి వద్దు

కచేరీకి వారం ముందు ఒకసారి, మూడు నాలుగు రోజుల ముందు ఇంకోసారి రికార్డింగ్ వినండి. యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. ట్రెవర్ పినక్ నాయకత్వంలో ఇంగ్లిష్ కాన్సర్ట్ బృందం పాతకాలపు వాద్యాలతో చేసినది నాకు ఇష్టం. ఇటలీకి చెందిన జియోవాన్ని అంతొనీని అయితే హైడన్ పుట్టి మూడు వందల ఏళ్లయ్యే 2032 నాటికి ఆయన సింఫనీలన్నీ రికార్డు చేయాలని పూనుకుని, ఏళ్ల తరబడి అదే పని మీద ఉన్నాడు.

మొదటిసారి ఏ పనీ పెట్టుకోకుండా, ఫోన్ పక్కన పడేసి వినండి. రెండోసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చివరి నెమ్మది భాగం మాత్రమే వినండి. ఏ వాద్యం ఎప్పుడు ఒంటరిగా వినిపించిందో ఒక్కో మాటలో రాసుకోండి. తప్పులు పోతే పోనివ్వండి. హాల్లో కళ్లతో చూసేటప్పుడు ఆ తప్పులే మీకు బాగా గుర్తుంటాయి. స్వరలిపి చదవడం వచ్చినవాళ్లకు స్కోరు, అంటే వాద్యాలన్నిటి స్వరలిపి, ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో ఉచితంగానే ఉంది. రానివాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఈ సింఫనీ ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంటుంది, అంటే ఎఫ్ షార్ప్ అనే స్వరం షడ్జంగా మైనర్ మెట్లలో. మైనర్ అంటే మనకు నఠభైరవి, కీరవాణి మెట్లు. మేజర్ అంటే శంకరాభరణం మెట్లు. గమకాలు ఉండవు కాబట్టి రాగాలు అనలేం, మెట్లు అనే అనాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఎఫ్ షార్ప్ మైనర్‌లో రాసిన సింఫనీ మనకు దొరికినంతలో ఇదొక్కటే. ఆ శ్రుతి ఎంత అరుదంటే, అప్పటి హార్న్‌లకు శ్రుతి మార్చడానికి తగిలించే గొట్టం ముక్కల్లో దానికి సరిపడేవే లేవు. హైడన్ వాటిని ప్రత్యేకంగా చేయించాల్సి వచ్చింది. మామూలు శ్రుతిలో రాసుకుంటే ఆ శ్రమే ఉండేది కాదు. ఇంటికి దూరమైన వాళ్ల గురించి చెప్పడానికి ఆయన కావాలనే అందరికీ దూరంగా ఉన్న శ్రుతిని ఎంచుకున్నాడని నేను నమ్ముతాను.

ఏ కచేరీకి వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి

ఛాంబర్ ఆర్కెస్ట్రా, అంటే చిన్న ఆర్కెస్ట్రా, అని పేరులో ఉన్న బృందం వాయిస్తుంటే వెళ్లండి. ఎనభై మంది ఉండే పెద్ద ఆర్కెస్ట్రా ఈ సింఫనీ వాయించినా తప్పు లేదు గానీ, ఎస్టర్‌హాజాలో దీన్ని వాయించినవాళ్లు పదిహేను మందికి కాస్త అటూ ఇటూ. అంత చిన్న గుంపులోంచి ఒకరు లేచి వెళ్తే ఖాళీ తెలుస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు మినసోటాలో సెయింట్ పాల్ ఛాంబర్ ఆర్కెస్ట్రా, న్యూయార్క్‌లో ముందు నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ లేకుండానే వాయించే ఆర్ఫియస్ బృందం ఉన్నాయి. సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఛాంబర్ ఆర్కెస్ట్రా ఉంది. మన దేశంలో అయితే ముంబయిలోని ఎన్‌సీపీఏ కళాకేంద్రంలో 2006 నుంచి నడుస్తున్న సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కార్యక్రమాల మీద ఒక కన్నేసి ఉంచండి. టికెట్ కొనేముందు కార్యక్రమ వివరాల్లో హైడన్ పేరు పక్కన 45 అంకె ఉందో లేదో చూసుకోండి. ఆయన సింఫనీలు వందకు పైనే ఉన్నాయి.

సీటు విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. మొదటి వరుస వద్దు. అక్కడి నుంచి ముందున్న ఫిడేళ్లే కనబడతాయి, వెనక ఊదే వాళ్లు కనబడరు. బాల్కనీ ఉంటే దాని ముందు వరుస తీసుకోండి. స్టేజీ అంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది, ధర కూడా తరచూ తక్కువే ఉంటుంది. బాల్కనీ లేకపోతే హాలు మధ్యలో, కాస్త పక్కకు.

పదిహేను నిమిషాలు ముందే వెళ్లి కూర్చుని, వాద్యకారులు వస్తుంటే లెక్కపెట్టండి. ఎడమ పక్క ఫిడేళ్లు. వాటికి ఎదురుగానో పక్కనో రెండో బృందం ఫిడేళ్లు. ఫిడేలు కన్నా కొంచెం పెద్దగా, అలాగే గడ్డం కింద పెట్టుకునేది వయోలా. కాళ్ల మధ్య పెట్టుకుని వాయించేది చెల్లో. నిలబడో, ఎత్తు స్టూలు మీద కూర్చునో వాయించేది డబుల్ బాస్. వెనక వరుసలో ఓబోలు ఇద్దరు. ఓబో మన సన్నాయికి దూరపు చుట్టం. దాని పీక కూడా రెండు రెల్లు రేకులు కలిపి కట్టిందే, ఊదే ముందు సన్నాయి విద్వాంసుడిలాగే పీకను నోట్లో తడుపుకుంటారు. పక్కన పొడవాటి గొట్టంలా బసూన్. చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టంలో చేయి దూర్చి ఊదేవాళ్లు ఇద్దరు, వాళ్లే హార్న్ వాళ్లు. మొత్తం ఎంతమందో కార్యక్రమ కాగితం మీద రాసుకోండి. ఆ అంకె చివర్లో మీకు కావాలి.

తర్వాత ఓబో ఒక్క స్వరం ఊదుతుంది, అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. కచేరీలో తంబురా శ్రుతి సరిచూసుకునే క్షణం మనకు అలవాటే కదా. ఆ శ్రుతి అయిపోగానే హాలు నిశ్శబ్దమవుతుంది. ఫోన్ సైలెంట్‌లో ఉంటే చాలదు, వెలుగు కూడా ఆర్పేయండి. ఈ సింఫనీ చివర హాలు నిజంగానే చీకటి అవుతుంది.

మొదటి భాగం: కోపాన్ని గుర్తుపట్టండి

ఉపోద్ఘాతం ఉండదు. ఒక్కసారిగా మొదటి ఫిడేళ్లు పై సా నుంచి పా, గా మీదుగా కింది సా దాకా పెద్ద పెద్ద అంగల్లో మెట్లు దిగుతాయి. మూడు లెక్కల లయ. కుడిచేతి వేళ్లతో తొడ మీద చప్పుడు కాకుండా తాళం వేసుకోండి, అప్పుడు ఒకటి తెలుస్తుంది: రెండో ఫిడేళ్లు మీ దెబ్బకు సరిగ్గా పడటం లేదు. ప్రతిసారీ అర మాత్ర తేడాగా పడుతున్నాయి. పైన ఫిడేళ్లు దిగుతుంటే కింద చెల్లోలు, బాస్ ఒకే స్వరాన్ని గబగబా కొడుతూ ఉంటాయి. గుండె దడకు ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు తెలియదు.

ఈ భాగంలో ఒక్క చోటు మాత్రం వదులుకోకండి. సగం దాటాక సంగీతం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాత ఫిడేళ్ల మీద అంతకుముందు వినని కొత్త వరస, మెత్తగా, మేజర్‌లో వస్తుంది. కోపంగా మాట్లాడుతున్న మనిషికి మధ్యలో ఇల్లు గుర్తొచ్చినట్టు ఉంటుంది. మామూలుగా ఇలాంటి వరసను ఏ సింఫనీ రచయితైనా చివర్లో మళ్లీ తీసుకొస్తాడు. హైడన్ తీసుకురాడు. అది ఒక్కసారే వచ్చి పోతుంది, ఆ మెట్లు దిగే కోపం మాత్రం తిరిగొస్తుంది. ఆ ఒక్క వరసను చెవిలో దాచుకోండి.

భాగం అయిపోయాక చప్పట్లు కొట్టకండి. నాలుగు భాగాలూ కలిపి ఒకటే కృతి. మధ్యలో చప్పట్లు పడితే వాద్యకారులు ఏమీ అనుకోరు, ఎస్టర్‌హాజా కాలంలో శ్రోతలు మధ్యలో హాయిగానే కొట్టేవాళ్లు. కానీ ఈ సింఫనీకి మాత్రం నిశ్శబ్దం కావాలి.

రెండో భాగం: ఫిడేలు మీద ఆ చిన్న ముక్కను చూడండి

మొదలయ్యే ముందు ఫిడేళ్ల వాళ్ల చేతులు గమనించండి. ఒక చిన్న నల్లటి ముక్కను తీసి, తీగలను మోసే బ్రిడ్జి మీద తగిలిస్తారు. దాన్ని మ్యూట్ అంటారు. బొటనవేలు అంత ఉంటుంది. అది పెట్టగానే ఫిడేలు గొంతు మారిపోతుంది. గట్టిగా పాడే మనిషి పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నారని గొంతు తగ్గించినట్టు. ఈ భాగమంతా ఫిడేళ్లు అలాగే వాయిస్తాయి.

ఇక్కడ శ్రుతి ఏ (A) మేజర్‌కు మారుతుంది. మనకు తెలిసిన గ్రహభేదమే ఇది: నఠభైరవి గాంధారాన్ని షడ్జంగా పట్టుకుంటే శంకరాభరణం వస్తుంది కదా, మొదటి భాగపు స్వరాల మీదే కొత్త ఇల్లు కట్టినట్టు. నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో స్వరాలు తడబడుతూ అడుగులేసినట్టు ఉంటాయి. కొంతమందికి ఇది పొడవుగా అనిపిస్తుంది. విసుగు వస్తే కళ్లు మూసుకుని ఓబోలు, హార్న్‌లు ఎప్పుడు వచ్చి చేరుతున్నాయో పట్టుకోండి. అవి వచ్చినప్పుడు మొత్తం ధ్వనికి ఎండ పడినట్టు రంగు మారుతుంది.

మూడో భాగం

ఇది మినుయెట్, ఆ కాలపు దర్బారు నాట్యం. మొదట ఫిడేళ్లు మర్యాదగా అడుగేస్తాయి, వెంటనే కింది నుంచి పొసగని స్వరం ఒకటి గట్టిగా వచ్చి పడుతుంది. వినగానే మీకే తెలుస్తుంది. మధ్యలో హార్న్‌లు ముందుకొస్తాయి, పైన చెప్పిన ప్రత్యేకపు గొట్టం ముక్కలు పనికొచ్చేది ఇక్కడే. వాల్వులు లేని పాత హార్న్‌లు వాయించే బృందమైతే, భాగాల మధ్య వాళ్లు ముక్కలు మార్చుకోవడం, లోపల చేరిన తడిని వంచి పారబోయడం కనిపిస్తుంది. ముగింపు చాలా పల్చగా, సగంలో వదిలేసినట్టు ఉంటుంది.

నాలుగో భాగం: ఇప్పుడు కాగితం తీయండి

మొదట పరుగు. మళ్లీ మైనర్, మళ్లీ కోపం. అందరూ కలిసి ఒకే స్వరాలు దూసుకెళ్లే చోట్లు ఉంటాయి. మొదటిసారి వినేవాళ్లు సింఫనీ ఇలాగే ముగుస్తుందనుకుంటారు. ముగింపు ఇక వచ్చేసిందనిపించే చోట ఆగిపోతుంది. పూర్తికాని వాక్యంలా, గాలిలో.

ఆ ఆగిన చోటి నుంచి నెమ్మది భాగం మొదలవుతుంది. ఏ (A) మేజర్, మూడు లెక్కలు, ఎవరికీ తొందర లేదు. ఇప్పటిదాకా చేసిన పరిచయాలు ఇక్కడ అక్కరకొస్తాయి. వెళ్లే వరస ఇది.

ముందు ఒక ఓబో, ఒక హార్న్ తమ వంతు పాట పాడి లేస్తాయి. తర్వాత బసూన్. దానికి సోలో, అంటే ఒంటరిగా వాయించే వంతు, లేదు. సింఫనీ అంతా బాస్ వరసకు తోడుగా ఉండి, చివరికి కూడా ఒక్క మాట అనకుండా వెళ్లిపోతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఆ తర్వాత మిగిలిన ఓబో, మిగిలిన హార్న్ తమ పాటలతో వెళ్తాయి. దాంతో ఊదే వాద్యాలు అయిపోయాయి, స్టేజీ వెనక వరుస ఖాళీ.

ఇక డబుల్ బాస్. సింఫనీ అంతా అందరి కింద పునాదిలా ఉన్న ఈ వాద్యానికి ఇప్పుడు పొడవైన సోలో. ఆ బరువు గొంతుతో చురుగ్గా పరుగెడుతూ, సంగీతాన్ని ఏ మేజర్ నుంచి అసలు ఆధార షడ్జం వైపు నడిపించి అప్పగిస్తుంది. ఒకసారి నేను చిన్న హాల్లో దీన్ని బాగా దగ్గర నుంచి చూశాను. వాయించడం అయిపోగానే ఆమె కమాను పక్కన పెట్టి, స్టాండు మీది చిన్న దీపాన్ని బొటనవేలితో నొక్కి ఆర్పింది. వాద్యాన్ని మెడ దగ్గర పట్టుకుని లేపితే, దాని కింది ఇనుప మొన చెక్క మీద టక్‌మని తగిలింది. చిన్న చప్పుడే. మిగిలినవాళ్లు వాయిస్తూనే ఉన్నారు, కానీ కింద నేల లేకుండా. ఆ మరుక్షణం సంగీతం తేలికైపోవడం చెవికే కాదు, ఒంటికి తెలిసింది. మీరు హాల్లో ఉన్నప్పుడు బాస్ వెళ్లగానే కళ్లు మూసుకుని రెండు శ్వాసల పాటు వినండి. పునాది ఉన్నప్పుడు పట్టించుకోని మనకు, అది పోయినప్పుడు ఎంత తెలుస్తుందో.

షడ్జం ఇప్పుడు మళ్లీ ఎఫ్ షార్ప్. కానీ మెట్లు మైనర్ కావు, మేజర్. కోపంతో మొదలైన చోటికే తిరిగొచ్చాం, కోపం లేదు. చెల్లోలు చెప్పకుండా వెళ్తాయి. వెనక కూర్చున్న ఫిడేళ్లు తమ వంతు వాయించి వెళ్తాయి. ఆఖర్న వయోలా.

ఒక్కొక్కరు లేచినప్పుడల్లా కాగితం మీది అంకెలోంచి తీసేస్తూ ఉండండి. వేలితో అయినా సరే. ఇద్దరి దగ్గరకు వచ్చాక కాగితం మడిచి పక్కన పెట్టేయండి.

ఆ రెండు ఫిడేళ్లూ మ్యూట్ పెట్టుకునే ఉంటాయి, రెండో భాగంలో విన్న అదే మెత్తని గొంతుతో. ఒకదాని పక్కన ఒకటి, ఒక్కోసారి ఒకదాన్నొకటి దాటుకుంటూ వాయిస్తాయి. పెద్ద ముగింపు ఏదీ రాదు. స్వరం సన్నబడుతూ సన్నబడుతూ పోతుంది. చాలా బృందాలు ఈ సమయానికి స్టేజీ దీపాలు కూడా తగ్గించేస్తాయి. స్వరం ఆగిందా, ఇంకా ఉందా అని అనుమానం వచ్చే చోట ఊపిరి బిగపట్టి ఉండండి.

చప్పట్లకు తొందరపడకండి. ఆ ఇద్దరి కమానులు తీగల మీదే ఉన్నంతసేపు సింఫనీ అయిపోలేదు. కమానులు కిందికి దించి, వాళ్లిద్దరూ మీ వైపు చూసినప్పుడు కొట్టండి. ఒక నిమిషం ఆగండి కూడా, వెళ్లిపోయినవాళ్లందరూ మళ్లీ స్టేజీ మీదికి వస్తారు. బసూన్ మనిషి నమస్కరించినప్పుడు కాస్త గట్టిగా కొట్టండి.